సలేశ్వరం నడక రాస్తున్న తమ్మునికి

తమ్మీ,

నీ వ్యాసం నిదానంగ చదివిన. నల్లమల అడవిల ఉన్న సలేశ్వరం లింగమయ్య (శివుడు) మీద నీకున్న ప్రేమ ప్రతి వాక్యంల కనిపిస్తుంది. నడక మాత్రం కనిపిస్తలేదు. "ఆకాశాన్నంటే కొండలెక్కి, అలసి సొలసి గుండం చేరినం" అని రాసినవ్. రాంపూర్ పెంట అనే చెంచు గూడెం దగ్గర బండి దిగినంక మనం పోయేది గుడి, నీళ్ల గుండం ఉన్న లోయలకు గద! ఎక్కుడు ఎక్కువగ తిరుగు బాటలనే ఉంటది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నీ వ్యాసం మళ్ల నిలబడతది.

మామూలు కొండను పొద్దున చల్లటి పూట, ఒంట్ల సత్తువున్నప్పుడు ఎక్కుతం. ఇక్కడ తిరకాసు. జాతర జరిగే చైత్ర పున్నమి ఎండల, పగటి పూట, సీసల నీళ్లు అడుగంటినంక ఎక్కుడు మొదలైతది. దిగేటప్పుడు హాయిగుంటది కాబట్టి జనం నీళ్లు ఇష్టమొచ్చినట్టు తాగేస్తరు. గుండం దగ్గర చల్లగుంటది, లేవబుద్ధి కాదు. అట్ల కూసున్నకొద్దీ ఎక్కుడు నడినెత్తి ఎండలకు జరుగుతది. మనిషికి మూడు నాలుగు లీటర్లు పట్టుకపోవాలె, అండ్ల సగానికి మీదనే తిరుగు బాటకు మిగలాలె. ఓఆర్ఎస్ పొట్లం మీద లీటరని రాసి ఉంటే లీటరు నీళ్లల్లనే కలపాలె. అరలీటరు సీసల పోస్తే చిక్కనై కడుపుల తిప్పుతది. "దాహంతో అల్లాడినం" అన్న వాక్యం కొట్టేయ్. సీస ఏ మలుపు కాడ సగమైందో, ఎక్కుడు మొదట్ల ఎంత మిగిలిందో చెప్పు. చదివేటోనికి భయం అదే పుడతది.

అడవిని "పచ్చటి చెట్లు" అన్నవ్. నల్లమల ఆకు రాల్చే అడవి. ఆ నెలల తపసి చెట్టు ఒక్క ఆకు లేకుండ తెల్లటి బెరడుతోని నిలబడి ఉంటది. చెంచులు బంక తీసేది దానికే. ఆకు లేదు కాబట్టే ఎక్కుడుల నీడ లేదు. చెట్టు పేరు రాస్తే ఎండ కూడ దానెంబడే వస్తది. ఇప్పపువ్వు పగటి పూట జలజల రాలినట్టు రాసినవ్, అది రాలేది ఎక్కువగ తెల్లారగట్ల. అటు మార్చుకో.

దిగుడును ఒక్క వాక్యంల దాటేసినవ్. అసలు ఒంటికి పని పెట్టేది అదే. దిగే ప్రతి అడుగుల తొడ ముందటి కండ సాగుకుంటనే ఒంటి బరువును ఆపాలె. అందుకే ఆగి నిలబడంగనే మోకాళ్లు వణుకుతయ్. కాలు బూటుల ముందుకు జారితే వేళ్లు కొసకు కొట్టుకుని గోరు నల్లబడతది. దిగే ముందు మడమను వెనకకు తన్ని, చీలమండ కాడ లేసు బిగించి కట్టుకోవాలె. బొబ్బ కూడ ఒక్కసారే రాదు. ముందుగాల మడమ మీద వెచ్చగ చురుక్కుమంటది. అప్పుడే ఆగి, మేజోడు విప్పి, చెమట తుడిచి, టేపు అంటిస్తే అక్కడితోని ఆగుతది. "ఇంకో మలుపు దాటినంక చూద్దాం" అనుకుంటే తడి మేజోడు రాపిడికి తోలు లేస్తది. ఇది కథకు పనికొచ్చే సంగతి తమ్మీ, వదలకు. ఇంకోటి, ఆ రాత్రికే తొడలు పట్టేసినయని రాసినవ్. దిగుడు నొప్పి మరునాడు మొదలై ఆ తెల్లారికి ముదురుతది, ఇంట్ల మెట్లు దిగుతుంటే తెలుస్తది. ఆ రాత్రికి వణుకు రాయి, నొప్పి తర్వాత రాయి.

గడియారం సరిచూసుకో. 7 గంటలకు రాంపూర్ పెంట, ఏడున్నరకు గుండం అన్నవ్. నాలుగైదు కిలోమీటర్ల రాళ్ల బాట, జాతర జనం, ఎట్ల కుదురుతది? నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892ల ఒక లెక్క చెప్పిండు. 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది మంచి బాట మీద ఆగకుండ నడిచేటోల్ల లెక్క. అంతకంటె తక్కువ టైం రాసినవంటే నమ్మరు.

పోయేటోల్లు "వస్తున్నం లింగమయ్యా" అంటరు, మర్లేటోల్లు "పోయొస్తం లింగమయ్యా" అంటరు. రెండూ రాసినవ్, బాగుంది. ఇంక జర దగ్గరికి పోయి విను. దిగేటోల్ల కేక పొడుగ్గ సాగుతది. ఎక్కేటోల్లకు ఊపిరందక "లింగ" కాడనే తెగుతది. చెంచులను మాత్రం బాట పక్కన బొమ్మల్లెక్క నిలబెట్టకు. అక్కడ పూజ చేసేది వాళ్లే. వాళ్లు ఏం పని చేస్తున్నరో, నీతోని ఏం మాట్లాడిన్రో రాయి. పేరు రాయాలంటే అడిగి రాయి.

ఈసారి మొదటి పేజీ ముట్టకు. ముందుగాల గుండం నుంచి రాంపూర్ పెంట దాకా ఎక్కుడు రాసి పంపు. ఎన్నింటికి లేచినవ్, సీసల ఎంతుంది, ఎక్కడెక్కడ ఆగినవ్, అన్నీ ఉండాలె. అది కుదిరినంక దిగుడు సంగతి చూద్దాం.

నీ అన్న