చెయ్యి వణికితే సిస్టర్‌ని కాలేనా?

ప్రశ్న: మాది చోడవరం దగ్గర పల్లె. విశాఖలో హాస్టల్లో ఉండి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వార్డులో మేడమ్ పక్కన నిలబడితే చాలు, చెయ్యి వణుకుతుంది. మొన్న ఒక పెద్దాయనకు మూడుసార్లు చూసినా బీపీ దొరకలేదు. అందరి ముందూ తిట్టారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఏ పేషెంటుకు ఏ సేవ చెయ్యాలో రాసే కేర్ ప్లాన్లు పేరుకుపోయాయి. నాన్న అప్పు చేసి చదివిస్తున్నారు. మానేస్తానని ఎలా చెప్పను?
- పేరు వద్దు, మహారాణిపేట

జవాబు: ముందు బీపీ సంగతి తేలుద్దాం తల్లీ, మనసు సంగతి తర్వాత. చెయ్యి వణికితే వాల్వు గబుక్కున వదిలేస్తాం. శబ్దం మొదలైన చోటు చెవికి అందకుండానే జారిపోతుంది. మణికట్టు నాడి మీద వేళ్లుంచి పంపు కొట్టు. నాడి ఆగిన అంకె గుర్తుపెట్టుకుని గాలంతా తీసెయ్. ఓ నిమిషం ఆగి, స్టెత్ పెట్టి, ఆ అంకెకు 30 పైకి ఎక్కించి, సెకనుకు 2, 3 చొప్పున దించు. రాత్రి రూమ్మేట్ల చేతుల మీద సాధన చెయ్యి. నవ్వుతారు. నవ్వేవాళ్ల బీపీ సరిగా రాదనుకో, అది వేరే సంగతి.

నా చదువు రోజుల్లో ఓసారి సెలైన్ అయిపోవడం చూసుకోలేదు. ట్యూబులోకి రక్తం ఎక్కింది. వార్డు సిస్టర్ "కళ్లెక్కడ పెట్టుకున్నావు" అని అరిచారు. బెడ్‌పాన్లు కడిగే గదిలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. ఆ మంచం మీద భీమిలి వైపు చేపలమ్మే మామ్మ. "ఏటి సిస్టరమ్మా, పొద్దున్నుంచి ఏటీ తిన్లేదేటి?" అంటూ తన బ్రెడ్డులో సగం తుంచి నా చేతిలో పెట్టింది. నిజమే, బస్సు తప్పిపోతుందని టిఫిన్ మానేశాను. ఖాళీ కడుపుతో వార్డుకి వెళ్లకు.

నువ్వు తప్పు చేస్తే మేడమ్ చెప్పాల్సిందే, కానీ పేషెంటు మంచం దగ్గర కాదు. పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ అలా మంచం దగ్గరే తిట్టానులే. మీ మేడమ్‌ని స్టాఫ్ రూములో ఒంటరిగా కలిసి, "ఒక్కసారి చేసి చూపించండి" అని అడుగు. నాకు తెలిసి కాదనేవాళ్లు తక్కువ. కేర్ ప్లాన్ హాస్టల్‌కి మోసుకెళ్లకు, డ్యూటీ దిగేముందు పేషెంటు పక్కనే సగం రాసెయ్.

నిద్ర ఇలాగే పోతుంటే ఆలస్యం చెయ్యకు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. సైకియాట్రీ పోస్టింగులో పేషెంట్లకు నువ్వు చెప్పబోయేది ఇదే కదా, ముందు నువ్వు వెళ్తే నామోషీ ఏంటి?

నాన్నకి మానేస్తానని కాదు, కష్టంగా ఉందని చెప్పు. ఆ పెద్దాయన ఇంకా అదే బెడ్డు మీదుంటే, రేపు ముందు ఆయన దగ్గరికే వెళ్లు.