ఎర్రకోటు తొడుక్కోబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

మేనమామ ఆశీస్సులు. ఔట్‌డోర్ ఎమర్జెన్సీ కేర్ పరీక్షలో నీవు ఉత్తీర్ణురాలివయ్యావనీ, ఈ శీతకాలం కొలరాడోలో మా కొండ మీదనే స్వచ్ఛంద స్కీ ప్యాట్రోల్‌లో, అంటే స్కీ వాలులను కాపు కాసి గాయపడినవారిని ఆదుకునే దళంలో, శిక్షణకు చేరుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. 22 శీతకాలాలుగా ఆ పనిలో ఉన్నవాడిని గనుక, శిక్షణలో అంతగా చెప్పని సంగతులు కొన్ని నీకు ముందే రాసి పెట్టాలనిపించింది.

నీవు స్కీయింగ్‌లో నాకంటే ఎంతో నేర్పరివి. నిజానికి నా బెంగ అక్కడే ఉంది. బాగా స్కీ చేసేవారి చూపు తమ ముందున్న దారి మీదా, తమ స్కీల కింద ఉన్న మంచు మీదా ఉంటుంది. వీపున తెల్ల సిలువ ఉన్న ఎర్రకోటు తొడుక్కున్న నాటి నుంచి ఆ చూపు పక్కకు మళ్లాలి. జనాన్ని కొండపైకి చేర్చే తీగల లిఫ్ట్ దిగేచోట ఎవరు తడబడుతున్నారు, నిన్న కనిపించని రాయి ఈ రోజు ఎక్కడ తేలింది, మలుపులో చెట్ల అంచున ఎవరైనా కూర్చుండిపోయారా అన్నవి నీవు అడుగడుగునా చూసుకోవలసినవి. ఇది అలవాటయ్యే వరకు నీ సహజమైన వేగంలో సగానికి మించి వెళ్లవద్దని నా కోరిక.

పని కొండ తెరవకముందే మొదలవుతుంది. రాత్రి 30 సెంటీమీటర్ల మంచు పడితే, మూసివేసిన వాలుల ముందు కట్టిన తాళ్లు అందులో పూడుకుపోతాయి. వాటిని తవ్వి తీసి మళ్లీ నడుమెత్తున బిగించాలి. లిఫ్ట్ స్తంభాలకు చుట్టిన మెత్తలను మంచు పెరిగినకొద్దీ పైకి జరపాలి. రాళ్లూ మొద్దులూ తేలిన చోట గడలు పాతాలి. మన ఊళ్లో పందిళ్లకు వాడే వెదురే ఇక్కడా వాడతారు. మొదటి రోజున ఆ గడల కట్టను భుజాన వేసుకున్నప్పుడు నాకు తాతగారి వాకిలి గుర్తుకు వచ్చింది. కొత్తవారికి ఇదంతా చిల్లర పనిగా తోస్తుంది. అయితే నేను కొండ దించినవారి కంటే, సరైన చోట నాటిన గడ వల్ల అసలు దెబ్బ తగలకుండా వెళ్లినవారే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం. వారి లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

మన సంస్థ ఎలా పుట్టిందో నీవు చదివే ఉంటావు. 1936లో వెర్మాంట్‌లోని స్టోవ్ దగ్గర మైనట్ డోల్ అనే ఆయన చీలమండ విరిగి చలిలో చాలాసేపు పడి ఉంటే, స్నేహితులు ఇంటికప్పు రేకు మీద పడుకోబెట్టి కిందికి లాక్కువచ్చారు. కొద్దికాలానికే ఆయన మిత్రుడు ఫ్రాంక్ ఎడ్సన్ స్కీ పందెంలో దెబ్బలు తగిలి మరణించాడు. 1938లో నేషనల్ స్కీ ప్యాట్రోల్ ఏర్పడడం వెనుక ఆ రెండు ఘటనలు ఉన్నాయి. గాయం ఎంత నొప్పి పెడుతుందో, మంచు మీద ఎదురుచూపు అంత నొప్పి పెడుతుందని తెలిసిన మనిషి దానికి పునాది వేశాడు.

ఆ ఎదురుచూపును నేనే ఒకసారి పొడిగించాను. నా రెండవ శీతకాలంలో ఒక పెద్దాయన మోకాలు మెలిపడి పడిపోయారు. నేను ఆయన వద్ద కొండపైకి ముఖం పెట్టి మోకరించి, రేడియోలో "వాలుకు కుడి అంచున" అన్నాను. టొబోగన్, అంటే గాయపడినవారిని పడుకోబెట్టి మంచు మీద దించే బండి, తెస్తున్న సహచరుడు నియమం ప్రకారమే కుడి అంచు వెంట దిగి, మమ్మల్ని దాటి చాలా దూరం వెళ్లిపోయాడు. కుడి అన్నా ఎడమ అన్నా కిందికి ముఖం పెట్టి దిగేవాడి కుడి ఎడమలే లెక్క. ఆ పెద్దాయన మరో 12 నిమిషాలు మంచు మీద వణికారు. నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా మరపురాలేదు. రేడియో మీట నొక్కే ముందు ఒకసారి లేచి నిలబడి, కిందికి తిరిగి, దగ్గరలోని లిఫ్ట్ స్తంభం మీద ఉన్న అంకెను చదువు. వాలు పేరు, ఏ అంచు, ఏ స్తంభం, ఏ గాయం, ఏమేమి కావాలి అనే వరుసలో చెప్పు.

గాయపడినవారి దగ్గరకు చేరగానే ముందు వారికి కాస్త పైన నీ స్కీలను ఇంటూ గుర్తులాగా మంచులో గుచ్చు. పైనుంచి వచ్చేవారు దానిని చూసి పక్కకు తొలగుతారు. ఆ తర్వాత నీవెవరివో చెప్పి, సాయం చేయవచ్చునా అని అడుగు. మెడను కదిలించవద్దని చెప్పు. గాయం చూసే తొందరలో వారి వీపు కింద మంచు ఉన్నదన్న మాట మరువవద్దు. వీలైనంత త్వరగా ఏదైనా మందపాటిది పరచాలి. స్కీ బూటును మామూలుగా అక్కడ విప్పము, విరిగిన కాలికి అదే కొంత ఆధారంగా నిలుస్తుంది.

టొబోగన్ గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే నీ వంటి నేర్పరులు తడబడేది అక్కడే. ఖాళీ బండిని లాగడం ఒక విద్య, మనిషి ఉన్న బండిని దించడం మరొక విద్య. వాలుకు అడ్డంగా తిప్పి, జారకుండా ఆనించిన తర్వాతనే మనిషిని ఎక్కించాలి. దిగేటప్పుడు పిడుల మధ్య నిలిచి, స్కీల ముందుకొనలను దగ్గర చేసి, మడమలను వెడల్పు చేసి, బరువు నిన్ను తోయకుండా నీవే బరువును నడిపించాలి. బండి ముక్కు కింద గొలుసు ఉన్నది మంచును పట్టి వేగాన్ని ఆపడానికి. అవసరం పడేవరకు ఆగక, వాలు నిటారు కావడానికి ముందే దానిని దించుకో. మరీ నిటారైన చోట వెనుక తాడు పట్టుకునే మనిషి లేకుండా దిగవద్దు, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. పడుకున్నవారికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు గనుక, "ఇప్పుడు ఎడమకు తిరుగుతున్నాము, ఇక్కడ కొద్దిగా కుదుపు ఉంటుంది" అని చెబుతూ ఉండు. నా బండిలో నేనే పడుకుని మరొకరి చేత లాగించుకున్న రోజున ఆ మాటల విలువ నాకు తెలిసింది. నీవూ ఒకసారి అలా పడుకుని చూడాలి.

డాలస్ నుంచీ హ్యూస్టన్ నుంచీ మనవాళ్లు ఈ కొండలకు చాలామంది వస్తారు. ముందురోజే విమానం దిగి, మరునాడే 3,000 మీటర్లకు పైన తొలిసారి స్కీలు కట్టుకున్నవారిలో కొందరికి తలనొప్పీ వాంతులూ వస్తాయి. గాయం లేదు కదా అని వారిని తేలికగా పంపవద్దు. ఒక విద్యార్థి భుజం జారిన బాధలో ఇంగ్లీషు మాటలన్నీ మరచిపోయి "అమ్మా" అన్నప్పుడు, "ఎక్కడ నొప్పి బాబూ" అని నేను అడగగానే అతని ఊపిరి నెమ్మదించింది. మనవాళ్లలో బిల్లు భయంతో టొబోగన్ వద్దనేవారు ఉన్నారు. కొండ మీద మనం చేసే సేవకు సాధారణంగా రుసుము ఉండదు, అంబులెన్సు ఖర్చు వేరు. ఈ సంగతి వారికి నిదానంగా, స్పష్టంగా చెప్పు.

మంచుచరియలను ముందే కూల్చివేసే పనిలో వాడే పేలుడు పదార్థాల జోలికి నీవు వెళ్లవు. అది అనుమతి ఉన్న అనుభవజ్ఞుల పని. అయినా కొలరాడో మంచు స్వభావం తెలుసుకో. అక్టోబరులో పడిన పలుచని మంచు, చలి రాత్రులలో అట్టడుగున పంచదార పలుకుల్లా మారి పట్టు కోల్పోతుంది. దాని మీద తరువాతి మంచు పలకలా పేరుకుంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఆ పలక విరిగితే, కూరుకుపోయినవారిని బతికించుకోవడానికి మనకు దక్కేది 10, 15 నిమిషాలు. కూరుకుపోయినవారి ఒంటి మీది బీకన్ పరికరం పంపే 457 కిలోహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని వెతకడం కళ్లు మూసుకుని చేయగలిగేటంతగా సాధన చెయ్యి.

సాయంత్రం లిఫ్ట్ ఆగిన తర్వాత వాలులను గాలించి దిగే పని గురించి చెప్పి ముగిస్తాను. ఒళ్లు అలసి ఉంటుంది, వెలుతురు తగ్గుతూ ఉంటుంది, కింద వేడి టీ ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడే ఆగాలి. ప్రతి మలుపు దగ్గర నిలబడి, గట్టిగా పిలిచి, నీ స్కీల చప్పుడు కూడా లేకుండా విను. చెట్ల మొదళ్ల చుట్టూ ఉండే గుంతలలోకి తొంగి చూడు. నీ తర్వాత ఆ దారిన తెల్లవారే వరకు ఎవరూ రారు.

శనివారం ఉదయం 7 గంటలకు కొండ అడుగున మన గది దగ్గర ఉంటాను. చేతితొడుగులు రెండు జతలు తెచ్చుకో. తాళ్ల పనిలో మొదటి జత తప్పకుండా తడిసిపోతుంది.

ఆశీస్సులతో,
నీ మేనమామ