టేకు చెక్కతో అక్వేరియం కట్టొచ్చా?

ప్రశ్న: మాది సిరోంచ. పాత ఇల్లు విప్పినప్పుడు టేకు దూలాలు మిగిలాయి. వాటితో 3 అడుగుల అక్వేరియం, స్టాండు చేసుకుందామని ఉంది. తొట్టి కూడా చెక్కదే అయితే నిలుస్తుందా? - ఒక పాఠకుడు

జవాబు: నిలుస్తుంది తమ్ముడూ, కానీ ఆ టేకును స్టాండుకే వాడు. ఎంత మంచి టేకైనా తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అతుకులు విడిపోతాయి. తొట్టికి 18 ఎం.ఎం. మెరైన్ ప్లైవుడ్ (తడికి తట్టుకునే ప్లైవుడ్) తెచ్చుకో. లోపల ఎపాక్సీ (నీళ్లు దిగకుండా గట్టిపడే రెసిన్) రెండు మూడు పూతలు వెయ్యి. మూలల్లో ఫైబర్‌గ్లాస్ పట్టీ తప్పనిసరి, లీకులు మొదలయ్యేది అక్కడే. ముందువైపు వచ్చే అద్దాన్ని చట్రానికి లోపలివైపు నుంచి సిలికాన్ జిగురుతో అతికించు. అప్పుడు నీళ్ల ఒత్తిడి అద్దాన్ని చట్రానికే నొక్కుతుంది. సిలికాన్ కొనేటప్పుడు బూజు మందు కలిపిన బాత్‌రూం రకం ఇస్తారు, అది చేపలకు విషం. అక్వేరియానిదే అడుగు.

స్టాండు సంగతి. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే నీళ్లే దాదాపు 190 కిలోలు. గులకరాళ్లు, తొట్టి బరువు వేరే. అందుకే పై చట్రం నేరుగా కాళ్ల తలల మీద కూర్చోవాలి. కాళ్ల పక్కన స్క్రూలతో వేలాడదీస్తే ఆ బరువంతా స్క్రూల మీదే పడుతుంది. మన ఇళ్లలో బండలు ఎక్కడ సమంగా ఉంటాయి? మట్టం చూసి కాళ్ల కింద పల్చటి చెక్క ముక్కలు పెట్టు.

ఎపాక్సీ వారం ఆరాక నీళ్లు నింపి, లీకు ఉందేమో చూస్తూ నాలుగు రోజులు ఆరుబయటే ఉంచు. చేపలు తర్వాత కొనొచ్చు.