సెన్సరును ఫైలులా చదవవచ్చా: పాల కేంద్రంలో నా అనుభవం

చిన్న లినక్స్ బోర్డుకు తగిలించిన ఉష్ణోగ్రత సెన్సరు కోసం సొంతంగా డ్రైవరు (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) రాయాలా, మౌంట్ చేసిన (డైరెక్టరీల చెట్టుకు తగిలించిన) ఫైల్ సిస్టమ్‌లోని ఫైలును తెరిస్తే సరిపోతుందా, పక్క బోర్డులోని సీరియల్ పోర్టును కూడా అలాగే మౌంట్ చేసుకోవచ్చా అని అడిగారు. సెన్సరుకు ఫైలు చాలు. అయితే అది డిస్కులో నిల్వ ఉన్న సమాచారం కాదు. మీరు చదివిన ప్రతిసారీ కెర్నెల్, అంటే లినక్స్ కేంద్ర భాగం, ఆ పరికరాన్ని అడిగి తెచ్చే జవాబు.

పలమనేరు దగ్గర ఒక పాల చిల్లింగ్ సెంటర్‌లో ట్యాంకు ఉష్ణోగ్రతను నమోదు చేయడానికి నేను డీఎస్18బీ20 సెన్సరును వాడాను. పరికరాలను ఫైళ్ళుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో 28తో మొదలయ్యే పేరుతో దానికొక డైరెక్టరీ వస్తుంది. అందులోని ఫైలును చదివితే రెండు వరుసలు కనిపిస్తాయి: మొదటి వరుస చివర 'యెస్' ఉంటే సీఆర్‌సీ (డేటా దారిలో చెడిందో లేదో చూసే తనిఖీ అంకె) సరిపోయినట్లు, రెండవ వరుసలోని అంకె డిగ్రీలో వెయ్యో వంతు లెక్క, అంటే 4 డిగ్రీలకు 4000. 12 బిట్ల కొలతకు 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది కనుక రీడ్ అంతసేపూ ఆగి ఉంటుంది. మిగతా ప్రోగ్రాము ఆగకుండా దానిని వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే భాగంలో) పెట్టండి.

ఒక తెల్లవారుజామున చల్లటి పాలు 85 డిగ్రీలున్నాయని అలారం మోగింది. 'యెస్' కూడా ఉండడంతో మొదట ఆ అంకెనే నమ్మి కంగారుపడ్డాను. విద్యుత్తు ఇచ్చిన వెంటనే ఆ చిప్పులో ఉండే విలువే 85. పొడవైన కేబుల్‌లో డేటా తీగ మీదుగానే విద్యుత్తు తీసుకుంటున్నందువల్ల కొలత పూర్తి కాక, పాత విలువే తప్పులేకుండా నా దాకా చేరింది. సీఆర్‌సీ చెప్పేది అంకె దారిలో చెడలేదని మాత్రమే, కొలత జరిగిందని కాదు. విద్యుత్తుకు వేరే తీగ వేశాక ఆ 85 మళ్ళీ రాలేదు.

సీరియల్ పోర్టు సంగతి వేరు. బెల్ ల్యాబ్స్ వారి ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పోర్టు వేగాన్ని మార్చడానికి కంట్రోల్ ఫైలులో 'బి9600' అనే అక్షరాలు రాస్తే చాలు, కాబట్టి ఫైళ్ళను నెట్‌వర్క్ మీదుగా అందించే దాని 9పీ ప్రోటోకాల్ ద్వారా మరో యంత్రంలోని పోర్టును మౌంట్ చేసుకోవచ్చు. ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు అది. లినక్స్‌లో ఆ వేగం అమరిక ఫైలులో రాతతో కాక, ఐఓసీటీఎల్ (ioctl) అనే, నేరుగా కెర్నెల్‌కు చేసే పిలుపుల ద్వారా జరుగుతుంది. పైగా ఎన్‌ఎఫ్‌ఎస్ (మరో యంత్రంలోని ఫైళ్ళను నెట్‌వర్క్ మీదుగా పంచుకునే పద్ధతి) మీద కనిపించే డివైస్ ఫైలును తెరిస్తే మీ బోర్డులోని పరికరమే తెరుచుకుంటుంది, అవతలిది కాదు. అందుకే నేను పక్క బోర్డులో, సీరియల్ పోర్టును నెట్‌వర్క్‌కు అందించే సెర్2నెట్ అనే ప్రోగ్రామును నడిపి, టీసీపీ నెట్‌వర్క్ కనెక్షన్ ద్వారా చదువుతున్నాను.