ఆ 24వ పేజీ గురించి

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ చదువుతూ 23వ పేజీ దగ్గర ఆగిపోయాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చి, ఆ పేజీ మళ్లీ చదివాను. రిటైరైన బస్సు కండక్టర్ కొరియర్ కుర్రాడికి డబ్బులిస్తూ, రూపాయి బిళ్లల్ని అరచేతిలో దొంతరగా పేర్చి బొటనవేలితో ఒక్కోటీ ముందుకు తోస్తాడు. "ఇన్నేళ్ల సర్వీసులో రోజూ సరిగ్గా చిల్లర ఇచ్చింది ఒక్కావిడే" అంటాడు. పేరు చెప్పడు, కుర్రాడూ అడగడు. ఆయన పోగొట్టుకున్నదేంటో నాకు తెలిసిపోయింది.

పేజీ తిప్పగానే కడుపు మండింది. కిటికీ పక్క సీటు, గాలికెగిరే జుట్టు, వానలో బస్టాండ్, ఒక పాట. ఐదు పేజీల ఫ్లాష్‌బ్యాక్! నేను మనసులో చూసుకున్న మనిషిని లేపేసి, ఎవరో హీరోయిన్‌ని తెచ్చి కూర్చోబెట్టావు. అది చాలదని కుర్రాడి ఫ్రెండ్ నత్తి మీద ఒక కామెడీ ట్రాక్.

ఇది నీకెలా అంటుకుందో నాకు తెలుసు, నాకూ అంటుకుంది కాబట్టి. చాలా ఏళ్ల కిందట ఒక నిర్మాతకి ఓ ముసలి టైలర్ కథ నెరేట్ చేశాను. అంతా విని "కామెడీ ఏదయ్యా?" అన్నాడు. ఆ టైలర్ చేసేదంతా నవ్వు తెప్పించేదేనని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చెంపదెబ్బల ట్రాక్ ఒకటి రాసిచ్చాను. ఎడిటింగ్ టేబుల్ దగ్గర "ల్యాగ్" అని టైలర్ సూదిలోకి దారం ఎక్కించే షాట్ కోసేశారు, చెంపదెబ్బలు మాత్రం ఉంచారు. మా అమ్మ హాల్లోంచి బయటికొచ్చి, "ఆ టైలరు బాగున్నాడురా, మధ్యలో ఆ కొట్టేవాడెవడు?" అనడిగింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అప్పట్నుంచీ విడిగా రాసిన కామెడీ అంటేనే నాకు గిట్టదు.

'ది బల్లాడ్ ఆఫ్ వాలిస్ ఐలాండ్' చూడు. 2025లో విడుదలైన చిన్న బ్రిటిష్ సినిమా. టిమ్ కీ, టామ్ బాస్డెన్ కలిసి రాసి, వాళ్లే నటించారు. 2007లో వాళ్లే చేసిన షార్ట్ ఫిల్మ్ దీనికి మూలం. లాటరీ కొట్టిన ఒక ఒంటరి మనిషి, ఒకప్పుడు జంటగా పాడి విడిపోయిన ఇద్దరు గాయకుల్ని తన దీవికి పిలిపిస్తాడు. కచేరీ వినేది తనొక్కడే. ఆ గాయకుడు పడవ దిగుతూనే నీళ్లలో పడి తడిసి ముద్దవుతాడు. అయినా ఈయన మాటలు ఆపడు. మనకి నవ్వొస్తుంది. ఆ పాటలు చనిపోయిన భార్యకీ తనకీ ప్రాణమని తెలిశాక, ఆ వాగుడు ఎందుకో నాకు అర్థమైంది. మాటలు ఆగితే ఇల్లు ఖాళీ అని తెలిసిపోతుంది. నవ్వించడానికి పక్కన ఇంకెవరూ అక్కర్లేదు.

మనవాళ్లకి ఇలాంటివి ఎక్కవని రాశావు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది ఆ ప్రాంతం వాళ్లే నటించారు. 49 ఏళ్లొచ్చినా పెళ్లికాని అటెండర్‌ని చుట్టుపక్కలవాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతుంటే హాలంతా నవ్వింది. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను.

ఇక నీ కొరియర్ కుర్రాడు. మంచివాడు కాబట్టి రోజూ వస్తాడంటే నేను నమ్మను. ముసలాయన ఆర్డర్ పెట్టిన చెప్పులు సైజు సరిపోలేదని మూడుసార్లు వెనక్కి పంపితే? లిఫ్టు లేని బిల్డింగ్‌లో రిటర్న్ కోసం మళ్లీ మళ్లీ మూడంతస్తులు ఎక్కేవాడికి ఒళ్లు మండదూ? బెల్లు మోగడం కోసమే ఆయన ఆర్డర్లు పెడుతున్నాడని వాడికి ఎప్పుడు తెలియాలో నువ్వు ఆలోచించు. వాళ్ల స్నేహం ఆ చిరాకులోంచే మొదలవ్వాలి.

ఆవిడని మాత్రం మళ్లీ తీసుకురాకు. క్లైమాక్స్‌లో కూడా వద్దు. 24 నుంచి 28 దాకా చింపేసి, 23వ పేజీ తర్వాత కుర్రాడు మెట్లు దిగుతూ ఆ బిళ్లలు లెక్కపెట్టుకునే సీన్ రాసి పంపు. దసరా దాకా ఇంట్లోనే ఉంటాను.

నీ అన్నయ్య