చైనీయులు, రష్యన్లు, కన్నడిగులు: ఒకే సూత్రం ఎందుకు లేదు?

ప్రశ్న: చైనా వారిని చైనీయులు అంటున్నాము, రష్యా వారిని మాత్రం రష్యన్లు అంటున్నాము. మన పొరుగువారేమో తమిళులు, కన్నడిగులు, మలయాళీలు. మనల్ని మనం ‘తెలుగులు’ అనుకోవడం మాత్రం లేదు. దీనికి వ్యాకరణంలో సూత్రమేదైనా ఉందా, అంతా అలవాటేనా?
(ఒక ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: చైనా, రష్యా రెండూ ‘ఆ’కారంతోనే ముగుస్తున్నాయి కనుక, మాట చివరి అక్షరాన్ని బట్టి ప్రత్యయం వస్తుందనడానికి వీలు లేదు. ఒక జనం పేరు ఏ దారిన మన దగ్గరికి వచ్చిందో చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. భారతీయులు, ఐరోపీయులు, చైనీయులు, జపనీయులు అన్నవి ‘ఈయ’ అనే సంస్కృత తద్ధిత ప్రత్యయంతో (పేరుకు చేరి కొత్త మాటను పుట్టించే ప్రత్యయంతో) పండితులు, పత్రికా రచయితలు కట్టిన మాటలు. పంజాబీలు, బెంగాలీలు, నేపాలీలు అన్నవి హిందీ, ఉర్దూల మీదుగా వచ్చాయి. రష్యన్లు, జర్మన్లు, అమెరికన్లు ఇంగ్లీషు చదువుతో వచ్చినవి. వాటి చివరనున్న ఇంగ్లీషు ప్రత్యయాన్ని విప్పకుండా దాని మీదే మన ‘లు’ తగిలించుకున్నాము. కన్నడిగులలో ఉన్న ‘ఇగ’ కన్నడం వారిదే, మలయాళీ అన్నది కేరళవాసులు తమను తాము పిలుచుకొనే మాటే.

వచ్చిన దారి ప్రభావం అక్కడితో ఆగదు. భారతీయుడు, భారతీయురాలు అని లింగభేదం చూపగలం కానీ ‘అమెరికనుడు’ అనలేము. అమెరికన్ యువతి, అమెరికన్ రచయిత అని పక్కన మరో మాట పెట్టక తప్పదు. అమెరికీయులు అని రాస్తే సూత్రానికి సరిపోతుంది, చదివేవాడు మాత్రం ఒక్క క్షణం ఆగిపోతాడు. అందుకని నేను అమెరికన్లు అనే రాస్తాను.

చదువుల దారి కాక రేవుల దారి కూడా ఒకటి ఉండేది. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో వర్తక స్థావరాలు పెట్టారు. డచ్చివారూ అక్కడే వ్యాపారం చేశారు. ఆ ఊళ్లో నేటికీ ఇంగ్లీషుపాలెం, పరాసుపేట, వలందపాలెం ఉన్నాయి. ఫ్రెంచివారు పరాసులు, హాలెండు వారు వలందులు, పోర్చుగీసువారు బుడతకీచులు అయ్యారు. ఏ వ్యాకర్తనూ అడగకుండా జనం తమ నాలుకకు అనువుగా మలచుకున్న ఈ మాటలను పాఠ్యపుస్తకాలు పక్కకు నెట్టేయడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

ఇక మన సంగతి. ఆంధ్రం నుంచి ఆంధ్రుడు వచ్చినట్టే తమిళం నుంచి తమిళుడు తేలికగా వచ్చాడు. ‘అం’తో ముగియని తెలుగుకు ఆ మూస కుదరలేదు. అందువల్ల అచ్చ తెలుగు పద్ధతిలో వాడు, వారు చేర్చి తెలుగువాడు, తెలుగువారు అంటున్నాము. గుంటూరోళ్లు, నెల్లూరోళ్లు అనే వాడుకలో ఉన్నదీ ఆ ‘వాళ్లు’ అన్న మాటే.

ప్రశ్న: తమిళులను అరవలు అనడం తప్పా?
(ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: మాటగా తప్పు కాదు, పాత తెలుగులో అది మామూలు పేరే. పొరుగువారు పెట్టిన పేరు, తాము పెట్టుకున్న పేరు వేరుగా ఉండడం ఎక్కడైనా కనిపిస్తుంది: తమిళులు మనల్ని ఉత్తరపు వారనే అర్థంలో వడుగర్ అన్నారు, కోరంగి రేవు నుంచి ఓడెక్కి బర్మా చేరిన తెలుగువారిని అక్కడ కోరింగీలు అన్నారు. అయితే ఇప్పుడు అరవలు అన్న మాటలో ఎగతాళి ధ్వనిస్తోంది కనుక తమిళులు అనడమే మర్యాద. 2011లో ఒరిస్సా ఒడిశాగా, రాజ్యాంగంలోని ఒరియా ఒడియాగా మారాక మనమూ రాత మార్చుకున్నాము కదా.

ప్రశ్న: ఓరుగల్లు నుంచి ఓరుగంటి అనే ఇంటిపేరు వచ్చింది. మరి వరంగల్ అలా ఎందుకు మారదు?
(ఒక విద్యార్థి, హనుమకొండ)

జవాబు: ఇల్లు ఇంటి అయినట్టు, విల్లు వింటి అయినట్టు ఓరుగల్లు ఓరుగంటి అయింది; మరో మాటకు ముందు ఇలా చివర మారే పదాలను వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. కొండవీడు కొండవీటి కావడమూ ఇలాంటిదే. వరంగల్ అన్నది ఆ ఊరి పేరే పరభాషల నోట నలిగి, దస్తావేజుల మీదుగా తిరిగి మనకు చేరిన రూపం. హల్లుతో ముగిసే ఆ రూపానికి ఈ మార్పు అంటదు. అచ్చ తెలుగు ఊళ్ల విషయంలోనూ నేటి వాడుక సడలింది. నెల్లూరి అన్నది ఇంటిపేరుగా మిగిలింది, బస్సు మాత్రం నెల్లూరు బస్సే. కొండవీటి చాంతాడు సామెతలో ఉంది కాబట్టి చెక్కుచెదరలేదు. కోట దగ్గరికి వచ్చేసరికి కొండవీటి కోట అనేవారూ ఉన్నారు, కొండవీడు కోట అనేవారూ ఉన్నారు. నేను రెండింటినీ దిద్దను.