కేజీఎఫ్‌లో బంగారం అయిపోలేదు, గిట్టుబాటే కాలేదు

కేజీఎఫ్‌లో, అంటే కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో, ఇంకా బంగారం ఉందంటారు కదా, మరి గని ఎందుకు మూశారు, తవ్విన బంగారమంతా ఎటు పోతుంది అని అడిగారు. మాది కుప్పం వైపు పల్లె. మా తాత అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. ఇంట్లో విన్నదీ, నేను వెళ్లి చూసిందీ చెప్తాను.

బంగారం ఉన్న మాట నిజమే. టన్ను రాయికి ఎంత పడుతుందన్నదే లెక్క. 1880ల్లో బ్రిటిష్ వాళ్ల జాన్ టేలర్ కంపెనీ దిగిన తొలి రోజుల్లో టన్నుకు 40 గ్రాములకు పైనే వచ్చేదంటారు. చివరికి 3 గ్రాములు కూడా గగనమైంది. అంటే టన్ను రాయి పగలగొట్టి, పిండి చేసి, సైనైడ్ నీళ్లలో కరిగిస్తే ఒక చిన్న ఉంగరం. ఆ రాయి కూడా 3 కిలోమీటర్ల లోతు నుంచి రావాలి. అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటేది, పైనుంచి చల్లగాలి పంపితే తప్ప మనిషి నిలవలేడు. 2001లో పది గ్రాముల ధర ఐదు వేలు కూడా లేదు. ఖర్చులు రాక ఆ ఏడాది ఫిబ్రవరి 28న మూసేశారు.

లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది. పైన కార్మికుల లైన్ ఇళ్లలో అలమారలో గిన్నెలు గలగలలాడేవి. ఆ చప్పుడు వినగానే మా అవ్వ పొయ్యి మీదున్నది దించేసి గని గేటు దగ్గరికి పరుగెత్తేదట. తాత బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడేది. ఆ టెన్షన్ గురించి చెప్పేటప్పుడు ముసలితనంలో కూడా ఆమె చేతులు వణికేవి.

ఇప్పుడు వెళ్తే కనిపించేవి సైనైడ్ దిబ్బలు. బంగారం తీశాక మిగిలిన దాదాపు 3.3 కోట్ల టన్నుల మట్టి, కొండల్లా ఉంటుంది. గాలి వీస్తే ఆ దుమ్ము ఊరి మీదికే. ఆ మట్టిలోనూ టన్నుకు గ్రాము లోపు బంగారం మిగిలే ఉంది.

ఇక ఎటు పోతుందంటే, ప్రపంచంలో ఏటా గనుల నుంచి సుమారు 3,600 టన్నులు వస్తుంది. చైనా, రష్యా, ఆస్ట్రేలియా ముందున్నాయి. ఎక్కువ భాగం నగలకీ, బిస్కెట్లకీ, దేశాల రిజర్వ్ బ్యాంకులకీ పోతుంది. ఎలక్ట్రానిక్స్‌కి వెళ్లేది కొంచెమే కానీ దాని పని పెద్దది. నేను మొబైల్ రిపేర్ చేస్తాను. సిమ్ స్లాట్‌లో పచ్చగా మెరిసే పిన్నుల మీద ఉండేది బంగారం పూతే. తుప్పు పట్టదు, కరెంటు బాగా పారుతుంది. పదేళ్ల నాటి ఫోన్ విప్పినా ఆ పిన్నులు కొత్తవాటిలా ఉంటాయి.

టన్ను పాత ఫోన్లలో వంద గ్రాములకు పైగానే బంగారం దొరుకుతుంది. మూసేనాటి కేజీఎఫ్ రాయితో పోల్చి చూడండి. అందుకే పాత ఫోన్ చెత్తలో పారేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. వీడియోలు చూసి ఇంట్లో యాసిడ్‌తో మాత్రం ప్రయత్నించకండి, ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇప్పుడు ధర ఇంత పెరిగింది కదా, గని మళ్లీ తెరవొచ్చు కదా అని మా ఊళ్లోనూ అడుగుతుంటారు. పంపులు ఆగినప్పటి నుంచి సొరంగాల్లో నీళ్లు నిండిపోయాయి. తీయాలంటే ముందు ఆ దిబ్బల్లోదే తీయాలి, దుమ్ము తినే ఊరికి కూడా అదే మేలు.